రాయబారికి రెండో బల్ల: జార్జ్ కెన్నన్ ఆచార్య జీవితం

1946 ఫిబ్రవరి 22న మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయంలో దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ జలుబు, జ్వరం, పంటినొప్పితో మంచం మీద పడుకొనే కార్యదర్శికి ఒక టెలిగ్రాం చెప్పి రాయించారు. రాయబారి ఊళ్లో లేనందున కార్యాలయం బరువంతా ఆయన మీదే ఉంది. ప్రపంచ బ్యాంకులో, అంతర్జాతీయ ద్రవ్యనిధిలో చేరడానికి సోవియట్ ప్రభుత్వం ఎందుకు వెనకాడుతున్నదో తెలియజేయమని వాషింగ్టన్‌లోని ఆర్థికశాఖ అమాయకంగా అడిగిన ప్రశ్న పైకి కనిపించే కారణం. ఏడాదిన్నరగా తాను పంపుతున్న హెచ్చరికలను పట్టించుకున్నవారు లేరన్న ఉక్రోషం అసలు కారణం. ఎలాగూ అడిగారు కాబట్టి మొత్తం చెప్పేయాలని నిశ్చయించుకున్న ఆయన, అంత పొడుగు తంతి ఒక్కసారిగా అందితే పైవారు బెంబేలెత్తుతారని, పద్దెనిమిదో శతాబ్దపు చర్చి ప్రసంగం మాదిరిగా దానిని అయిదు భాగాలు చేశారు. దౌత్య చరిత్రలో ‘లాంగ్ టెలిగ్రాం’ అనే పేరు స్థిరపడిన పత్రం అదే.

ఆ పత్రం 8,000 పదాలని కెన్నన్ తన జ్ఞాపకాలలో రాసుకున్నారు. తరువాత వచ్చిన చరిత్రకారులు కూర్చొని లెక్కపెడితే 5,000 పైచిలుకు మాత్రమే తేలింది. రాసినవాడి జ్ఞాపకాన్ని కూడా కాగితంతో సరిచూసుకోకుండా నమ్మరాదనేది చరిత్ర రచనలో తొలిపాఠం. కెన్నన్ తన జీవితంలోని రెండో సగమంతా ఇతరుల విషయంలో ఆ పాఠాన్ని అమలు చేయడానికే వెచ్చించారు. 1926 నుంచి 1953 వరకు ఇరవై ఏడేళ్లు దౌత్య ఉద్యోగం, ఆ తరువాత చనిపోయేదాకా అర్ధశతాబ్దం చరిత్రాచార్యత్వం: ఇది ఆయన జీవితానికి ఉన్న స్థూలరూపం. అమెరికాలో రాయబారులు విశ్వవిద్యాలయాలలో చేరడం అరుదేమీ కాదు. పదవిలో చూసినవి నెమరువేసుకుంటూ, ఒకటి రెండు సెమిస్టర్లు పాఠాలు చెప్పి, ఆత్మకథ అచ్చువేసుకోవడం వారిలో చాలామంది చేసే పని. కెన్నన్ సంగతి అది కాదు. తాను రాసినదానిని పాలకులు చదివిన తీరు మీద కలిగిన అసంతృప్తే ఆయనను రెండో వృత్తిలోకి నెట్టిందని, ఆ వృత్తిలో ఆయన చేసిన పనికి కూడా ఆ అసంతృప్తే ఇంధనమైందని చెప్పుకోవచ్చు.

ఆయన 1904 ఫిబ్రవరి 16న విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో పుట్టారు. రెండు నెలలకే తల్లి పోయింది. ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ ముగించి, మరుసటి ఏడాది దౌత్య సర్వీసులో చేరి, రెండేళ్లకే మళ్లీ చదువుకుంటానంటూ రాజీనామా చేయబోయారు. కష్టమైన భాష ఒకటి ఎంచుకుంటే ఐరోపాలో మూడేళ్లు ప్రభుత్వ ఖర్చు మీదే చదివిస్తామన్న పథకం అప్పుడు దొరికింది. ఆయన రష్యన్ కోరుకున్నారు. తాతగారికి దాయాది అయిన మరో జార్జ్ కెన్నన్ అంతకు సుమారు నలభై ఏళ్ల ముందే సైబీరియా ప్రవాస శిక్షల మీద రాసి పేరు పొందడం అందుకు ఒక ప్రేరణ. ఇద్దరి పుట్టినరోజూ ఫిబ్రవరి 16 కావడం కాకతాళీయం. బెర్లిన్‌లో చదువు, ఆపై లాట్వియా రాజధాని రీగాలో ఉద్యోగం. అమెరికా సోవియట్ ప్రభుత్వాన్ని గుర్తించింది 1933లో కాబట్టి, అప్పటిదాకా రష్యా వార్తలను రీగాలో కూర్చొని పత్రికల ఆధారంగానే పసిగట్టేవారు. వీలు చిక్కినప్పుడల్లా రష్యన్ రచయిత చెహోవ్ జీవితచరిత్ర రాయాలని ఆయన కలలు కనేవారు. అది ఎన్నడూ పూర్తికాలేదు. అయితే దౌత్య నివేదికలలో సైతం వాక్యాన్ని ఒక లయతో నడిపించే అలవాటు ఆ చదువు నుంచే వచ్చిందనిపిస్తుంది.

దౌత్య నివేదిక అనేది విచిత్రమైన రచన. దానికి పాఠకులు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. వారికి తీరిక ఉండదు. రాసినవాడి పేరు బయటికి రాదు. అందులోని వాదం నచ్చితే విధానమవుతుంది, నచ్చకపోతే దస్త్రంలో పడి ఉంటుంది. ఇరవై ఏళ్లు ఈ తరహాలో రాసిన మనిషికి 1946 శరత్కాలంలో తొలిసారి ఎదుట విద్యార్థులు కనిపించారు. వాషింగ్టన్‌లో అప్పుడే తెరిచిన నేషనల్ వార్ కాలేజీలో విదేశీ వ్యవహారాల బోధన బాధ్యత ఆయనకు అప్పగించారు. సుమారు నూరు మంది శ్రోతలలో అధికులు యుద్ధం ముగించుకొని వచ్చిన సైనికాధికారులు, కొద్దిమంది విదేశాంగశాఖ వారు. నౌకాదళ మంత్రి ఫారెస్టల్ కూడా ఒక్కోసారి వచ్చి కూర్చునేవారు. అణుబాంబు పుట్టిన తరువాత యుద్ధంతో సాధించగలిగేదేమిటి, సైన్యాన్ని వాడకుండా రాజకీయ ప్రయోజనం నెరవేర్చుకోవడం ఎట్లా అనే ప్రశ్నలను ఆ తరగతులలో ఆయన పుస్తకాలు తిరగేస్తూ, తానూ నేర్చుకుంటూ నడిపించారు. ఆ ఏడాదిని ఆయన చివరిదాకా సంతోషంగానే తలచుకున్నారు.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. ఫారెస్టల్ కోసం ఆంతరంగికంగా రాసిచ్చిన ఒక పత్రం 1947 జులైలో ‘ఫారిన్ అఫైర్స్’ పత్రికలో ‘ఎక్స్’ అనే సంతకంతో అచ్చయింది. సోవియట్ విస్తరణను ఓపికగా, గట్టిగా, అప్రమత్తంగా కట్టడి చేయాలన్నది దాని సారం. ఎక్స్ ఎవరన్నది కొద్ది రోజులలోనే పత్రికలవారు పసిగట్టారు. అప్పటికి కెన్నన్ విదేశాంగశాఖలో కొత్తగా ఏర్పడిన విధాన రూపకల్పన బృందానికి అధిపతిగా, యుద్ధంతో చితికిన ఐరోపాకు అమెరికా ఆర్థికసాయమైన మార్షల్ ప్రణాళిక ముసాయిదాలో తలమునకలై ఉన్నారు. దానితో పత్రికలో వచ్చిన ప్రతి మాటనూ జనం ప్రభుత్వ మాటగా తీసుకున్నారు. ప్రపంచంలో ఏ మూల ఒత్తిడి కనిపించినా అక్కడికి సైన్యంతో పరుగెత్తాలని చెబుతున్నారా అంటూ పేరున్న పత్రికా వ్యాఖ్యాత వాల్టర్ లిప్‌మన్ వరుస వ్యాసాలతో ఎండగట్టారు. తన ఉద్దేశం రాజకీయమైన కట్టడి అని, సైనికమైనది కాదని కెన్నన్ 1948 ఏప్రిల్‌లో ఆస్పత్రి మంచం మీది నుంచి లిప్‌మన్‌కు ఒక సుదీర్ఘ ఉత్తరం రాశారు. దానిని పంపలేదు. కొండ కొమ్మున ఒక బండను పొరపాటున కదిలించి, అది దొర్లుతూ చేసే విధ్వంసాన్ని నిస్సహాయంగా చూస్తున్న మనిషిలా తానున్నానని తరువాత చెప్పుకున్నారు.

ఈ విషయంలో తప్పంతా పాఠకులదే అనడం న్యాయం కాదు. ఆ వ్యాసంలోని కొన్ని వాక్యాలు లిప్‌మన్ తీసిన అర్థానికి ధారాళంగా చోటిచ్చేవే. ఎదురుగా కూర్చున్న మంత్రికి, పక్కనే నోటితో వివరణ కూడా ఇచ్చుకుంటూ చెప్పదగిన మాటను యథాతథంగా లోకానికి వదిలితే ఏమవుతుందో ఆయన అప్పటికి ఊహించలేదు.

నాటో ఏర్పాటు, జర్మనీ విభజన, హైడ్రోజన్ బాంబు: వరుసగా మూడింటి మీదా ఆయన మాట చెల్లలేదు. 1950లో సెలవు పెట్టి, ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీకి వెళ్లారు. ఆహ్వానించినవారు అణుబాంబు నిర్మాణానికి సారథ్యం వహించి ఆ సంస్థకు డైరెక్టరుగా వచ్చిన ఓపెన్‌హైమర్. మరుసటి వసంతంలో షికాగో విశ్వవిద్యాలయంలో అమెరికా విదేశాంగ విధానం మీద కొన్ని ఉపన్యాసాలిచ్చారు. రోజురోజుకూ జనం పెరిగి పెద్ద హాలుకు మారవలసివచ్చింది. అంతర్జాతీయ వ్యవహారాలను చట్టం, నీతి అనే రెండే కళ్లతో చూడడం అమెరికావారి పాతజబ్బు అని ఆ ఉపన్యాసాల వాదం. యుద్ధంలో దిగిన ప్రజాస్వామ్యాన్ని ఆయన ఒక ఆదిమ జంతువుతో పోల్చారు: ఈ గదంత శరీరం, గుండుసూది తలంత మెదడు, తోక తెగేదాకా తనకేమీ పట్టదు, మేల్కొన్నదంటే శత్రువుతో పాటు తాను నివసించే బురదగుంటనూ ధ్వంసం చేస్తుంది. నివేదికలో ఈ పోలిక రాస్తే పై అధికారి కొట్టివేసేవాడు. ఉపన్యాస వేదిక మీద అది తరతరాల విద్యార్థులకు గుర్తుండిపోయింది.

ఆ ఉపన్యాసాలు పుస్తకంగా అచ్చయిన మరుసటి ఏడాదే ఆయన మాస్కోకు రాయబారిగా వెళ్లారు. ఇక్కడ తెలుగువారికి ఆసక్తి కలిగించే యాదృచ్ఛికత ఒకటి ఉంది. అంతకు నెల రోజుల ముందువరకు మాస్కోలో భారత రాయబారిగా ఉన్నవారు సర్వేపల్లి రాధాకృష్ణన్: 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి, ఆపై ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యులు. ఆ ఆచార్య పదవిని వదలకుండానే దౌత్యం నెరపిన ఆయనను స్టాలిన్ 1950 జనవరిలో ఒకసారి, 1952 ఏప్రిల్‌లో వీడ్కోలు వేళ మరోసారి కలిశారు. భాష, చరిత్ర, సాహిత్యం క్షుణ్ణంగా ఎరిగి, పాతికేళ్లుగా రష్యానే అధ్యయనం చేసిన కెన్నన్ మాత్రం స్టాలిన్‌ను కలవడానికి అడగనైనా లేదు, ఎందుకంటే చెప్పి రమ్మని వాషింగ్టన్ ఆయనకు ఏమీ అప్పగించలేదు. ఆచార్యుడిగా వెళ్లినవారికి తెరుచుకున్న తలుపు వృత్తి దౌత్యవేత్త తట్టనైనా తట్టకపోవడానికి ఇద్దరి స్వభావాలకన్నా రెండు దేశాల స్థితిగతులే కారణం.

ఆ వేసవి ఆయనకు జైలులా గడిచింది. ఎటు కదిలినా వెంట రహస్య పోలీసులు. రాయబారి నివాసం స్పాసో హౌస్‌లో దొంగ మైకు ఉందన్న అనుమానం మీద సెప్టెంబరులో వాషింగ్టన్ నుంచి నిపుణులు వచ్చారు. లోపల మాట నడుస్తుంటే తప్ప అవతలివారు దానిని పనిచేయించరు కాబట్టి, రాయబారి రోజూలాగే కార్యదర్శికి ఏదో ఒకటి చెప్పి రాయించాలన్నారు. కెన్నన్ పాత దౌత్య లేఖ ఒకటి పట్టుకొని పెద్దగా చదువుతుంటే, నిపుణుడొకరు పరికరం చేతబట్టి గది గదీ వెతికి చివరకు గోడ మీది కొయ్య ఫలకం దగ్గర ఆగారు. అది 1945లో సోవియట్ బడిపిల్లలు అప్పటి రాయబారికి కానుకగా ఇచ్చిన అమెరికా అధికార ముద్ర. సుత్తితో గోడను, ఆ తరువాత ఫలకాన్నే పగులగొడితే లోపల పెన్సిలంత పరికరం. బ్యాటరీ లేదు, తీగ లేదు. బయటి నుంచి రేడియో తరంగాలు ప్రసరింపజేసినప్పుడే అది వింటుంది. ఆరేళ్ల కిందట అదే నగరంలో తన ప్రభుత్వం కోసం పడుకొని చెప్పి రాయించిన మనిషి, ఈసారి అవతలి ప్రభుత్వం వింటున్నదని తెలిసి, వినడానికే చదివారు.

అప్పటికే ఆయన సహనం అడుగంటింది. కంచె దగ్గర ఆడుకుంటున్న తన పసివాడిని చూసి నవ్విన రష్యన్ పిల్లలను కాపలావాళ్లు అదిలించి తరిమేయడం ఆయనను బాగా కుంగదీసింది. 1952 సెప్టెంబరు 19న లండన్ వెళుతూ బెర్లిన్ విమానాశ్రయంలో, మాస్కోలో విదేశీయుల బతుకు ఎలా ఉందని విలేఖరులు అడిగితే, యుద్ధకాలంలో తనను నాజీ జర్మనీలో నిర్బంధించినప్పటి పరిస్థితితో పోల్చారు. అక్టోబరు 3న సోవియట్ ప్రభుత్వం ఆయనను అవాంఛనీయ వ్యక్తిగా ప్రకటించింది. మాటలను తూకం వేయడంలో దిట్ట అనిపించుకున్నవాడు నోరు జారడమేమిటని విదేశాంగశాఖలో చెవులు కొరుక్కున్నారు. కొత్తగా విదేశాంగ మంత్రి అయిన డల్లెస్ ఆయనకు మరో పదవి ఇవ్వలేదు. పదవి ఇవ్వని రాయబారి మూడు నెలలకు తనంతట తానే విశ్రాంత ఉద్యోగి అయ్యే నిబంధన ఒకటి ఉండడంతో, 1953 వేసవిలో నలభై తొమ్మిదేళ్లకే ఆయన ఉద్యోగం ముగిసింది. చివరిరోజు వీడ్కోలు చెప్పడానికి ఎవరున్నారా అని చూస్తే, అయిదో అంతస్తులో సందర్శకులను కూర్చోబెట్టే ఉద్యోగిని తప్ప కనిపించలేదట. అదే వేసవిలో సోవియట్ విధానం మీద అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మూడు బృందాలతో చర్చ జరిపించి, ఒక బృందానికి ఈ పదవి లేని మనిషినే నాయకుడిగా పెట్టారు.

ప్రిన్స్‌టన్ సంస్థలో 1956లో ఆయనకు శాశ్వత ఆచార్య పదవి దక్కింది. అక్కడ తరగతులుండవు, పరీక్షలుండవు, పట్టాలివ్వరు. అప్పటికి ఏడాది కిందటిదాకా ఐన్‌స్టైన్ ఉన్నది ఆ ప్రాంగణంలోనే. డాక్టరేటు లేని, పరిశోధన గ్రంథమంటూ రాయని మాజీ అధికారికి ఆచార్య పీఠమా అని అక్కడి పండితులలో కొందరు అభ్యంతరపెట్టారు. ఆ అభ్యంతరం అసమంజసమేమీ కాదు. దానికి జవాబు ఆ ఏడాదే ‘రష్యా లీవ్స్ ది వార్’ రూపంలో వచ్చింది. 1917 నవంబరు నుంచి 1918 మార్చి వరకు, అంటే కేవలం అయిదు నెలల సోవియట్–అమెరికా సంబంధాల మీద అయిదు వందలకు పైగా పేజీల గ్రంథమది. పులిట్జర్, నేషనల్ బుక్ అవార్డు, బాన్‌క్రాఫ్ట్ బహుమతి మూడూ దానికే వచ్చాయి. పెట్రోగ్రాడ్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్)లోని అమెరికా రాయబారి ఏ రోజు ఏ తంతి పంపారు, అది వాషింగ్టన్‌కు ఎప్పుడు చేరింది, అక్కడ ఎవరు చదివారు, ఎవరు చదవకుండానే నిర్ణయం తీసుకున్నారు అనే వరుసలో కథ నడుస్తుంది. తంతి పంపి జవాబు రాక ఎదురుచూసిన అనుభవం లేనివారికి ఆ జాప్యాలలోని విషాదం అంతగా పట్టుబడేది కాదు.

చరిత్రకారుడిగా ఆయన నైపుణ్యాన్ని చూపడానికి ఆ మహాగ్రంథం కన్నా అదే ఏడాది ఒక పరిశోధన పత్రికలో వచ్చిన వ్యాసం మంచి ఉదాహరణ. 1918 తొలినాళ్లలో ఎడ్గర్ సిసన్ అనే అమెరికా ప్రచారాధికారి పెట్రోగ్రాడ్‌లో కొన్ని పత్రాలు సంపాదించారు. లెనిన్, ఆయన అనుచరులు జర్మన్ సైనికాధికారుల జీతగాళ్లని వాటి సారాంశం. అమెరికా ప్రభుత్వం ఆ శరత్కాలంలో వాటిని అచ్చువేసి పంచింది. అనుమానాలు రాగానే ఇద్దరు పేరున్న పండితులను పిలిపించి చూపిస్తే, వాటిలో అధికభాగం అసలైనవేనని వారు ధ్రువీకరించారు. కెన్నన్ మూలపత్రాలు ముందేసుకొని రాజకీయాలు పక్కనబెట్టి టైపురైటరు అక్షరాలు చూశారు. వేర్వేరు దేశాల, వేర్వేరు కార్యాలయాల నుంచి వచ్చినట్టు చెప్పిన కాగితాలు ఒకే యంత్రం మీద కొట్టినవని తేలింది. లేఖల శీర్షికలు, తేదీలు, సంతకాలు సైతం పరీక్షకు నిలవలేదు. యుద్ధావేశంలో ఆచార్యులు సరేనన్న దొంగ దస్తావేజును నలభై ఏళ్ల తరువాత ఒక మాజీ దౌత్యవేత్త పట్టుకున్నారు. ప్రభుత్వ కార్యాలయంలో కాగితం ఎలా పుడుతుందో, ఏ గుమస్తా దాని మీద ఏ నంబరు వేస్తాడో ఎరిగినవాడికే ఆ కన్ను ఉంటుంది.

1957–58లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో సందర్శక ఆచార్యులు. నిజమైన విద్యార్థులు కిక్కిరిసి వింటుండగా పాఠం చెప్పిన కాలం అది. సోవియట్–పాశ్చాత్య సంబంధాల మీద ఆ ఉపన్యాసాలు తరువాత పుస్తకమయ్యాయి. ఆ చలికాలంలోనే బీబీసీ రేడియో ఏటా ప్రసారం చేసే రీత్ ఉపన్యాసాల వరుసలో ఆరు ప్రసంగాలు ఇచ్చారు. ఉభయపక్షాల సైన్యాలూ జర్మనీ నడిబొడ్డు నుంచి వైదొలగే మార్గం వెతకాలని అందులో సూచించడంతో పెద్ద దుమారమే రేగింది. ఒకప్పటి పై అధికారి, మాజీ విదేశాంగ మంత్రి ఆచెసన్ బహిరంగ ప్రకటనతో విరుచుకుపడ్డారు. సైన్యాలు ఐరోపా నుంచి తప్పుకోవాలని లిప్‌మన్ పదేళ్ల కిందట చెప్పినదానికి కెన్నన్ ఇప్పుడు చాలా దగ్గరకు వచ్చారన్న సంగతి చదువరులు గమనించకపోలేదు.

కెనెడీ కాలంలో 1961 నుంచి 1963 దాకా యుగోస్లావియాలో మళ్లీ రాయబారిగా ఉన్నారు. వాణిజ్య రాయితీల మీద అమెరికా కాంగ్రెసు కత్తెర వేయడంతో విసిగి తిరిగివచ్చారు. ఆ మజిలీ గురించి అంతకన్నా చెప్పవలసినది పెద్దగా లేదు.

1966 ఫిబ్రవరి 10న వియత్నాం యుద్ధం మీద సెనేట్ విదేశీ సంబంధాల సంఘం ముందు ఆయనిచ్చిన సాక్ష్యం వేరే మాట. కట్టడి సిద్ధాంతం పేరు చెప్పి చేస్తున్న యుద్ధాన్ని, ఆ మాట పుట్టించినవారే అక్కరలేనిదన్నారు. సీబీఎస్ టెలివిజన్ ఆ విచారణను ఆపి పాత హాస్య ధారావాహిక పునఃప్రసారం వేయడంతో, నిరసనగా ఆ సంస్థ వార్తావిభాగం అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ రాజీనామా చేశారు.

యుద్ధాన్ని వ్యతిరేకించినంత మాత్రాన ఆయన యువతకు ఆప్తుడు కాలేదు. 1967 డిసెంబరులో స్వార్త్‌మోర్ కాలేజీలో మాట్లాడుతూ, చదువుకునే వయసులో ఏకాంతంగా పుస్తకం పట్టాలి గానీ వీధికెక్కరాదని విద్యార్థి ఉద్యమకారులను మందలించారు. ఆ ప్రసంగం పత్రికలో రాగానే విద్యార్థుల నుంచి, అధ్యాపకుల నుంచి ఘాటైన ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాటిని తన జవాబుతో కలిపి పుస్తకంగా వేయించడం ఆయన నిజాయితీకి నిదర్శనం. ఆ జవాబు చదివితే మాత్రం తరగతి గది లేని ఆచార్యుడి లోటు స్పష్టంగా తెలుస్తుంది. యుద్ధానికి పోవలసిన వయసులోని పిల్లవాడి భయం ఆయనకు అందలేదు. ఇంతకన్నా పెద్ద లోపాలూ ఉన్నాయి. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా ప్రజల పట్ల ఆయనకున్న చిన్నచూపు, ప్రజాస్వామ్యం మీది అపనమ్మకం, జాతుల గురించిన దురభిప్రాయాలు మరణానంతరం అచ్చయిన డైరీలలో దాపరికం లేకుండా కనిపిస్తాయి. ఐరోపా విషయంలో అంత సూక్ష్మంగా చూసిన కన్ను మిగతా ప్రపంచం వైపు తిరిగితే మసకబారేది. ఆయన అభిమానులు దీనిని చెప్పకుండా దాటవేయడం సబబు కాదు.

1974లో సంస్థ నుంచి పదవీ విరమణ చేసినా బల్ల వదలలేదు. మొదటి ప్రపంచయుద్ధానికి దారితీసిన ఫ్రాన్స్–రష్యా మైత్రి మీద రెండు సంపుటాలు రాశారు. సైనిక ఒప్పందాలు తమను పుట్టించిన కారణాలను మించి బతుకుతాయని, చివరకు యుద్ధానికి అవే కారణమవుతాయని ఆ సంపుటాలలో తేల్చినది, 1980లలో అణ్వాయుధాల మీద ఆయన చేసిన ప్రసంగాలకు పునాది. ఇరుపక్షాలూ ఆయుధాగారాలను తక్షణం సగానికి తగ్గించుకోవాలని 1981లో ప్రతిపాదించారు. 1997 ఫిబ్రవరి 5న, తొంభై మూడేళ్లు నిండబోతుండగా, నాటోను తూర్పుకు విస్తరించడం ప్రచ్ఛన్నయుద్ధం తరువాతి కాలమంతటిలోకీ ఘోరమైన తప్పిదం కాగలదని న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 30న సెనేట్ 80–19 ఓట్లతో ఆ విస్తరణను ఆమోదించింది. ఈసారి వ్యాసం కింద ఎక్స్ అని కాక సొంత పేరే ఉంది. చదివినవారూ లక్షలలోనే ఉంటారు. ఫలితం మాత్రం 1945 నాటి నివేదికలకు పట్టిన గతే.

తన జీవితచరిత్ర రాయడానికి ఆయన 1980ల ఆరంభంలో జాన్ లూయీ గాడిస్ అనే చరిత్రకారుడికి అనుమతినిచ్చి, డైరీలు, ఉత్తరాలు అన్నీ అప్పగించారు. తాను పోయాకే అచ్చువేయాలన్నది ఒక్కటే షరతు. అప్పటికే డెబ్బై ఏడు దాటిన మనిషి కాబట్టి ఎక్కువ కాలం ఆగనక్కరలేదని ఇద్దరూ అనుకున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ, ఇద్దరిలో ముందెవరు వెళ్లిపోతారోనని యేల్‌లో గాడిస్ విద్యార్థులు హాస్యమాడేవారు. కెన్నన్ 2005 మార్చి 17న ప్రిన్స్‌టన్‌లో నూటొక్క ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ పుస్తకం 2011లో వచ్చింది. టెలిగ్రాంలో ఎన్ని పదాలున్నాయో సరిచేసి చెప్పినవాటిలో ఆ పుస్తకమూ ఒకటి.